వీడియో ఆటల తోవలో పర్యాటకం: ప్రజ్ఞాపూర్ కూడలి నుంచి చూస్తే జపాన్ ఊళ్ల అనుభవం

ప్రజ్ఞాపూర్ (సిద్దిపేట జిల్లా):

హైదరాబాదు నుండి సిద్దిపేట, కరీంనగర్ మీదుగా రామగుండం వరకు సాగే రాజీవ్ రహదారిపై, రాజధానికి సుమారు 60 కిలోమీటర్ల దూరంలో ప్రజ్ఞాపూర్ కూడలి ఉన్నది. గజ్వేల్‌తో కలిసి ఒకే పురపాలక సంఘంగా ఏర్పడిన ఈ ఊరి మీదుగా రాత్రింబవళ్లు వాహనాలు సాగిపోతూనే ఉంటాయి. బస్సు దిగిన ప్రయాణికుడు ఒక కప్పు తేనీరు సేవించి మరల బస్సెక్కుతాడు. కూడలికి రాకముందే ఎడమవైపు వర్గల్ విద్యా సరస్వతీ ఆలయానికి దారి చీలుతుంది. ఇక్కడి నుండి తూర్పుగా మర్కూక్ వైపు వెళితే 15 టీఎంసీల కొండపోచమ్మ సాగర్, ముందుకు సాగితే కొమురవెల్లి మల్లన్న క్షేత్రానికి దారి చూపే కమాను, ఆపైన 50 టీఎంసీల మల్లన్న సాగర్, సిద్దిపేట కోమటిచెరువు, చంద్లాపూర్ చెంత రంగనాయక సాగర్ వస్తాయి. చూడదగిన స్థలాలకు కొదవ లేదు. వాహనం ఆగి, మనిషి దిగి, ఒక పూట నిలిచి, స్థానికంగా నాలుగు రూపాయలు ఖర్చు చేయడమే కొదవగా ఉన్నది.

దారి పక్కన ఉన్న చిన్న ఊరికి బాటసారిని ఆపడం ఎట్లా అన్న ప్రశ్న ప్రజ్ఞాపూర్‌కు మాత్రమే పరిమితమైనది కాదు. జపాన్‌లో ఇదే ప్రశ్న ఎదురైన పలు ప్రిఫెక్చర్లు (మన జిల్లాకు పైది, రాష్ట్రానికి దిగువది అనదగిన పాలనా విభాగాలు) గత పదేళ్లలో ఒక వినూత్న మార్గాన్ని అనుసరించాయి. ప్రపంచమంతటా పిల్లలు, యువకులు ఆడుతున్న పోకెమాన్ వీడియో ఆటలోని ప్రాణులను అవి తమ పర్యాటక ప్రచారకర్తలుగా నియమించుకున్నాయి. వినడానికి వింతగా తోచే ఈ ఏర్పాటు కొన్నిచోట్ల ఊళ్లకు ఊపిరి పోసింది. మరికొన్నిచోట్ల ట్రాఫిక్ స్తంభించింది. ఆటల మూలంగా జనం తరలివచ్చిన ఒక ఆలయం చివరకు పర్యాటకులకు తలుపులు మూసుకున్నది. ఈ అనుభవాలను అధికారులు, పాత్రికేయుల పరిశీలనార్థం ఈ వ్యాసంలో పొందుపరచడమైనది.

ఆట వెనుక ఊరు

పోకెమాన్ ఆట తొలిసారి 1996 ఫిబ్రవరి 27న జపాన్‌లో విడుదలైంది. దాని సృష్టికర్త సతోషి తజిరి బాల్యంలో టోక్యో శివారులోని మచిదా పరిసరాల్లో పురుగులను పట్టి సేకరించేవాడు. పొలాలు, కుంటలు పోయి భవనాలు లేచిన ఆ ప్రాంతంలో తర్వాతి తరం పిల్లలకు ఆ ఆనందం దక్కదన్న తలపు నుండి, రకరకాల ప్రాణులను వెదకి పట్టుకొనే ఈ ఆట పుట్టింది. ఆటలోని తొలి ప్రదేశం పేరు కాంటో. టోక్యో ఉన్న అసలు ప్రాంతం పేరు కూడా అదే. ఆ తర్వాతి ఆటల్లోని ఊహాప్రదేశాలకు కన్సాయ్, క్యూషూ, హొక్కైడో పటాలు ఆధారమయ్యాయి. అంటే ఆటకు మూలంలోనే జపాన్ భూగోళం ఉన్నది. కనుకనే ఆటను ఊరికి తీసుకురావడం అక్కడివారికి కృత్రిమంగా తోచలేదు. ఈ సంగతిని విస్మరించి కేవలం బొమ్మను అరువు తెచ్చుకుంటే ఫలితం వేరుగా ఉంటుందని ముందుగానే గుర్తించవలసి ఉన్నది.

జపాన్ ప్రిఫెక్చర్లు ఆటలోని ప్రాణిని ఎంచుకున్న తీరు ఆసక్తికరమైనది. ఇవాతె ప్రిఫెక్చర్ పేరులో ఇవా అంటే రాయి, తె అంటే చేయి. రాతి గుండుకు రెండు చేతులు మొలిచినట్లుండే ఇషిత్సుబుటె అనే ప్రాణిని ఆ ప్రిఫెక్చర్ 2019లో తన ప్రచారకర్తగా స్వీకరించింది. విస్తీర్ణంలో జపాన్‌లోకెల్లా చిన్నదైన కగావా ప్రిఫెక్చర్ ఉడోన్ అనే గోధుమ సేమ్యా వంటకానికి ప్రసిద్ధి. ఆ పేరుతో ప్రాస కుదిరే యాడోన్ అనే మందకొడి ప్రాణి అక్కడ 2018లో కొలువుదీరింది. ఫుకుషిమా పేరులోని ఫుకు అంటే భాగ్యం కనుక, జపాన్‌లో లక్కీ అనే పేరుతో పిలిచే ప్రాణి ఆ ప్రిఫెక్చర్‌కు దక్కింది. ఇసుక దిబ్బల తొత్తొరికి ఇసుకలో బొరియ చేసుకొనే ప్రాణి, మంచు నేల హొక్కైడోకు మంచు నక్క. మన అవధానులు సమస్యను పూరించేటప్పుడు చూపే చమత్కారమే ఈ ఎంపికల్లోనూ కనిపిస్తుంది. ప్రజ్ఞ అనే మాటను పేరులోనే దాచుకున్న మన కూడలిని ఆ దేశపు అధికారులు చూసి ఉంటే ఏమి అల్లి ఉండేవారో ఊహించవచ్చు.

చమత్కారం ఇందులో పైపూత మాత్రమే. బొమ్మకూ ఊరికీ నడుమ ఒక్క మాటలో చెప్పదగిన సంబంధం ఉండడం అసలు బలం. ఆ సంబంధాన్ని పిల్లవాడు ఇంటికి వెళ్లి మరొకరికి చెప్పగలడు, పత్రికా విలేకరి శీర్షికగా పెట్టగలడు. ప్రిఫెక్చర్ పేరు తెలియనివారికి సైతం అది గుర్తుండిపోతుంది.

రోడ్డు మీది మూతలు

ఈ కార్యక్రమంలో విశేషంగా పేర్కొనదగినది మ్యాన్‌హోల్ మూతల పథకం. జపాన్‌లో మురుగునీటి మ్యాన్‌హోళ్లపై ఊరి గుర్తులు, పూలు, కోటల చిత్రాలు వేసే ఆనవాయితీ 1980ల నుండి విస్తరించింది. భూగర్భ మురుగు కాలువల పనులకు ప్రజల ఆదరణ పొందడమే నాటి ఉద్దేశం. 2016 ఏప్రిల్ నుండి ఈ మూతల చిత్రాలతో చిన్న కార్డులను ముద్రించి ఉచితంగా పంచడం ఆరంభించారు. అయితే కార్డు కావలసినవారు ఆ ఊరికి స్వయంగా వెళ్లాలి. టపాలో పంపరు. ఈ ఒక్క నిబంధనతో సేకరణ అభిరుచి కాస్తా ప్రయాణంగా మారింది.

ఈ రెండు అలవాట్లను కలిపి 2018 డిసెంబరులో క్యూషూ దక్షిణాన ఉన్న ఇబుసుకి పట్టణంలో తొలి పోకెమాన్ మూతలను అమర్చారు. వేడి ఇసుక స్నానాలకు పేరుగాంచిన ఈ పట్టణం పేరును కాస్త విరిచి పలికితే ‘ఈబుయ్ అంటే ఇష్టం’ అన్న అర్థం వస్తుంది. ఈబుయ్ అనేది, మన దేశంలో ఈవీ అని పిలిచే నక్కపిల్లవంటి ప్రాణి. ఆ తర్వాత దేశంలోని పలు ప్రిఫెక్చర్లకు వ్యాపించి నేడు ఈ మూతలు వందల సంఖ్యలో ఉన్నాయి. ఒక మూతపై ఉన్న చిత్రం మరో మూతపై ఉండదు. మూతను పోకెమాన్ సంస్థ స్థానిక సంస్థకు బహూకరిస్తుంది, ఎక్కడ అమర్చాలో స్థానిక సంస్థ చూసుకుంటుంది. అదే స్థలం పోకెమాన్ గో అనే మొబైల్ ఆటలో ఆగవలసిన మజిలీగా కూడా నమోదవుతుంది.

పాలనా వ్యయం దృష్ట్యా చూస్తే ఇది గమనార్హం. పెద్ద భవనం లేదు, రోజువారీ సిబ్బంది లేరు, టిక్కెట్టు లేదు, విద్యుత్తు అక్కరలేదు. పోత ఇనుప మూత ఒకటి నేలలో ఉంటుంది, వర్షానికి తడుస్తుంది, ఎండకు ఎండుతుంది. దాన్ని చూడటానికి వచ్చినవాడికి ఆకలి వేస్తే ఆ వీధిలోని హోటలుకే వెళ్లాలి. రైల్వే స్టేషన్ ముందు ఒకటి, దూరపు రేవు వద్ద ఒకటి, మ్యూజియం ముంగిట ఒకటి చొప్పున అమర్చితే, ఒక్క చోటు చూసి వెనుదిరిగే సందర్శకుడు ఊరంతా తిరుగుతాడు. స్టేషన్ వద్దనే నాలుగూ పెడితే ఆ ప్రయోజనం సిద్ధించదు.

నమియె మజిలీ

ప్రజ్ఞాపూర్ వంటి దారిలోని ఊరికి మరింత దగ్గరగా ఉన్న ఉదాహరణ ఫుకుషిమా ప్రిఫెక్చర్‌లోని నమియె పట్టణం. 2011 మార్చి 11న సంభవించిన భూకంపం, సునామీ, ఆపై అణు విద్యుత్కేంద్ర ప్రమాదం కారణంగా సుమారు 21 వేల జనాభాగల ఈ పట్టణాన్ని పూర్తిగా ఖాళీ చేయించారు. 2017 మార్చి 31న పట్టణంలోని కొంత భాగంలో మాత్రమే నివాసానికి అనుమతి లభించింది. తిరిగి వచ్చినవారు మునుపటి జనాభాలో కొద్ది వంతు మాత్రమే. పిల్లలున్న కుటుంబాలు వెనుకాడాయి. పిల్లలు లేని ఊళ్లో దుకాణం తెరిచేవారు అరుదు, దుకాణం లేని ఊరికి తిరిగివచ్చేవారు మరీ అరుదు.

జపాన్‌లో 1993 నుండి రహదారుల పక్కన ‘మిచి-నో-ఎకి’ పేరుతో మజిలీ కేంద్రాలను నెలకొల్పుతున్నారు. వాహనాలు నిలుపుకొనే చోటు, మరుగుదొడ్లు, రైతులు నేరుగా తెచ్చి అమ్మే కూరగాయలు, స్థానిక వంటకాలు, ప్రాంత సమాచారం అన్నీ ఒకేచోట లభిస్తాయి. దేశం మొత్తం మీద ఇవి 1,200 పైచిలుకు ఉన్నాయి. నమియెలో ఇటువంటి కేంద్రం 2020లో ప్రారంభమైంది. 2021లో దాని చెంతనే లక్కీ బొమ్మలతో పిల్లల ఆటస్థలం ఏర్పాటైంది. జారుడుబల్ల, ఊయల వంటి మామూలు ఆట సామగ్రినే ఆ ప్రాణి ఆకృతిలో తీర్చారు. భయంతో పదేళ్లు పేరెత్తడానికే జంకిన పట్టణంలో, బయటి ఊళ్ల తల్లిదండ్రులు పిల్లలను వెంటబెట్టుకొని వాహనం ఆపే కారణం ఒకటి ఏర్పడింది. మజిలీ కేంద్రం ముందే ఉన్నందున ఆగినవారికి కూర్చొనే చోటు, కొనే సరుకు ఉన్నాయి. బొమ్మ ముందు వచ్చి మరుగుదొడ్డి తర్వాత వచ్చి ఉంటే పరిస్థితి వేరుగా ఉండేదని వేరుగా చెప్పనక్కరలేదు.

జనం వచ్చిన తర్వాత

పోకెమాన్ గో 2016 జూలైలో విడుదలైంది. ఆటగాడు ఇంట కూర్చొని కాక, చేతిలో ఫోనుతో వీధుల్లో నడుస్తూ ఆడవలసిన ఆట ఇది. ఫలానా చోట ఫలానా ప్రాణి కనిపించేలా సంస్థ నిర్ణయిస్తే వేలాది మంది ఆ చోటికి చేరతారు. పర్యాటక శాఖలకు ఇంతటి సాధనం అంతకుముందు చేతికి రాలేదు.

జపాన్‌లో అతి తక్కువ జనాభా గల తొత్తొరి ప్రిఫెక్చర్ అదే నెలలో తన ఇసుక దిబ్బలను స్మార్ట్‌ఫోన్ ఆటలకు స్వేచ్ఛా మండలంగా ప్రకటించింది. నగరాల్లో ఆటగాళ్లు రోడ్లకు అడ్డంపడి ప్రమాదాలకు గురవుతున్న వేళ, విశాలమైన ఇసుక నేలపై ఎవరికీ అడ్డులేదన్నది ప్రిఫెక్చర్ వాదన. మరుసటి సంవత్సరం నవంబరు 24 నుండి 26 వరకు అక్కడ ప్రత్యేక ఆటల ఉత్సవం జరిగింది. మూడు రోజుల్లో 80 వేల మందికి పైగా తరలివచ్చారు. సందర్శకులు పోటెత్తడంతో దిబ్బలకు చేరే రోడ్లపై వాహనాలు గంటల తరబడి నిలిచిపోయాయి. పర్యాటక శాఖ సాధించిన విజయం ట్రాఫిక్ సిబ్బందికి పరీక్షగా మారింది. రెండు శాఖలు ముందుగా ఒకే బల్ల వద్ద కూర్చోవలసిన అవసరాన్ని ఇంతకంటె స్పష్టంగా చెప్పే ఉదాహరణ దొరకదు.

సునామీలో మూడు వేల మందికి పైగా మరణించిన ఇషినొమాకి నగరం గల మియగి ప్రిఫెక్చర్, 2016లో ఈ ఆట ద్వారా సందర్శకులను రప్పించేందుకు 3 కోట్ల యెన్లు కేటాయించింది. ఆ ఏడాది నవంబరులో ఇవాతె, మియగి, ఫుకుషిమా తీరాల్లో లాప్రాస్ అనే అరుదైన జలప్రాణి విరివిగా కనిపించేలా సంస్థ ఏర్పాటు చేసింది. ప్రాణిని వెదుకుతూ వచ్చినవారు సముద్రం తుడిచిపెట్టిన వీధుల్లో నడిచారు. విషాదస్థలిలో ఆట ఏమిటన్న సందేహం రావడం సహజమే. ఇక్కడ ఆహ్వానించినది నష్టపోయిన ప్రాంతమే కనుక అభ్యంతరం బలపడలేదు. ఇందుకు భిన్నంగా హిరోషిమా శాంతి స్మారక ఉద్యానంలో ఎవరూ ఆహ్వానించకుండానే ఆటగాళ్లు గుమిగూడారు. ఆగస్టు 6 సంస్మరణ దినానికి ముందే ఆ ఆవరణను ఆట నుండి తొలగించాలని నగర పాలక సంస్థ కోరగా, ఆట నిర్వాహకులు అంగీకరించి తొలగించారు. ఒకే దేశం, ఒకే ఆట, ఒకే సంవత్సరం. తేడా అంతా పిలుపులో ఉన్నది.

సుషిమా తోరణం

ఆట ఒక ప్రాంతానికి చేయగల మేలు, తేగల భారం రెండూ ఒకేచోట చూడాలంటే సుషిమా దీవిని చూడాలి. జపాన్, కొరియాల నడుమ గల ఈ దీవిపై 1274లో మంగోలులు దండెత్తారు. ఆ దండయాత్రను ఇతివృత్తంగా గైకొని అమెరికాలోని ఒక స్టూడియో రూపొందించిన ‘ఘోస్ట్ ఆఫ్ సుషిమా’ 2020 జూలైలో విడుదలై విశేష ప్రజాదరణ పొందింది. ఆ ఆటను ఆధారం చేసుకొని నాగసాకి ప్రిఫెక్చర్ దీవి పర్యాటక ప్రచారం చేపట్టింది. 2021 మార్చిలో సుషిమా నగరం ఆట దర్శకులిద్దరినీ తన పర్యాటక ప్రచారకర్తలుగా ప్రకటించింది. అమెరికన్లు తీసిన ఆట తమ చరిత్రను తమకంటె దూరం తీసుకెళ్లిందని అక్కడి పాలకులు సంకోచం లేకుండా అంగీకరించడం విశేషం.

2020 సెప్టెంబరులో వచ్చిన తుపానుకు దీవిలోని వతత్సుమి ఆలయపు తోరీ కూలిపోయింది. తోరీ అంటే ఆలయానికి ముందు నిలిపే ద్వారం. కాకతీయుల కీర్తితోరణాన్ని ఎరిగిన మనకు దాని రూపం, గౌరవం వేరుగా వర్ణించనక్కరలేదు. పునర్నిర్మాణానికి 50 లక్షల యెన్లు కావాలని ఆలయం ప్రజలను అర్థించగా, 2 కోట్ల 70 లక్షల యెన్లకు పైగా సమకూరాయి. దాతల్లో ఆ దీవిని ఆటలో తప్ప కంటితో చూడని వారు అనేకులు.

కథ ఇక్కడితో ముగిసి ఉంటే ప్రచార కరపత్రానికి సరిపోయేది. 2025 మార్చిలో అదే ఆలయం, భక్తులకు తప్ప ఇతరులెవరికీ ప్రవేశం లేదని ప్రకటించింది. విదేశీ పర్యాటకులు పవిత్ర స్థలంలో తీవ్రమైన అమర్యాదకు పాల్పడ్డారన్నది ఆలయం పేర్కొన్న కారణం. అమర్యాదకు పాల్పడినవారు ఆట ప్రియులేనని ఆలయం చెప్పలేదు, అట్లా భావించడమూ న్యాయం కాదు. అయితే దేవుని దర్శనానికి వచ్చే ఊరివారికి, ఫొటో కోసం వచ్చే బయటివారికి నడుమ హద్దు గీయడం ప్రచారం ఆరంభమైన రోజునే జరగవలసిన పని. తలుపు మూయవలసి వచ్చే దాకా ఆగితే నష్టం ఇరువురిదీ.

పొరుగునే ఉన్న చైనాలో షాన్సీ రాష్ట్రం ఇదే మార్గాన్ని పెద్ద ఎత్తున అనుసరించింది. 2024 ఆగస్టు 20న విడుదలైన ‘బ్లాక్ మిత్: వుకాంగ్’ ఆటలో చూపిన 36 వాస్తవ స్థలాలలో 27 ఆ రాష్ట్రంలోనివే. ఆట వెలువడిన వెంటనే రాష్ట్ర సాంస్కృతిక, పర్యాటక శాఖ వానరవీరుని వెంట షాన్సీ యాత్ర అంటూ ప్రచారం ఆరంభించింది. అంతవరకు కళా చరిత్రకారులకే ఎరుకైన పాత దారు మండపాలకు, మట్టి శిల్పాలకు యువజనం బారులు తీరింది. ఆ వానరవీరుడు కథలో కాపుకాసిన బౌద్ధ భిక్షువు హుయాన్‌త్సాంగ్ క్రీ.శ. 7వ శతాబ్దంలో మన ధాన్యకటకానికి వచ్చినవాడే. ఆ సంగతిని పర్యాటక కరపత్రాల్లో వెతికినా అరుదుగా తప్ప కనబడదు.

మన దేశం, మన చట్టం

భారతదేశంలో పోకెమాన్ గో 2016 డిసెంబరులో రిలయన్స్ జియో సహకారంతో అధికారికంగా విడుదలైంది. ఆనాడు ఆ సంస్థ దుకాణాలే ఆటలో మజిలీలుగా మారాయి. అంటే ఇక్కడ తొలి ఒప్పందం వ్యాపార సంస్థతో జరిగిందే తప్ప ఏ పర్యాటక కేంద్రంతోనూ కాదు. అధికారిక విడుదలకు నెలల ముందే నగరాల్లో యువకులు అడ్డదారిన ఆటను ఫోన్లలో వేసుకొని ఆడారు. అదే సంవత్సరం సెప్టెంబరులో, ప్రార్థనా స్థలాల్లో గుడ్ల బొమ్మలు కనిపించడం హిందువుల, జైనుల మనోభావాలను గాయపరుస్తున్నదని దాఖలైన ప్రజాప్రయోజన వ్యాజ్యంపై గుజరాత్ హైకోర్టు నోటీసులు జారీ చేసింది. జపాన్‌లో ఎవరి దృష్టికీ రాని అంశం మన దగ్గర న్యాయస్థానం గడప తొక్కింది. 2023లో ఆట హిందీలో లభ్యమైంది. టీవీలో పోకెమాన్ బొమ్మల కార్యక్రమం తెలుగు మాటలతోనూ ప్రసారమైనందున పల్లెల్లోని పిల్లలకు సైతం పికాచు కొత్తవాడు కాదు.

ఇందుకు సంబంధించి ఒక హెచ్చరిక అవసరం. పేరుగాంచిన ఆటలోని పాత్రను గోడపై చిత్రించడం, బ్యానరుపై ముద్రించడం, కూడలిలో విగ్రహంగా నిలపడం సదుద్దేశంతో చేసినా, హక్కుదారుల అనుమతి లేనిదే 1957 నాటి కాపీరైట్ చట్టం, 1999 నాటి ట్రేడ్ మార్క్స్ చట్టం కింద చిక్కులు తెచ్చిపెడుతుంది. జపాన్ ప్రిఫెక్చర్లు లిఖితపూర్వక ఒప్పందాలతోనే ముందుకు వెళ్లాయి. ఉత్సాహవంతులైన కింది స్థాయి సిబ్బంది రాత్రికి రాత్రి బొమ్మ వేయించి, తెల్లవారి ఫొటో తీయించి పంపడం మన దగ్గర అపురూపమేమీ కాదు.

సొంత ఆటల నిర్మాణానికి రాష్ట్రంలో పునాది లేకపోలేదు. యానిమేషన్, గేమింగ్ రంగాల కోసం తెలంగాణ ప్రభుత్వం 2016లో ఇమేజ్ విధానాన్ని ప్రకటించింది. భారత గేమ్ డెవలపర్ల సదస్సు 2023, 2024 సంవత్సరాల్లో హైదరాబాదులోనే జరిగింది. ప్రజ్ఞాపూర్ నుండి గంటన్నర ప్రయాణ దూరంలో ఆట తయారు చేయగల నిపుణులున్నారు. వారికి కావలసినది కథ, రూపం.

ఆ రెండూ ఇదే జిల్లాలో ఉన్నాయి. 2016 అక్టోబరు 11న సిద్దిపేట జిల్లా ఏర్పడినప్పుడు ఇందులో చేరిన చేర్యాల, నకాశీ పటాలకు పుట్టినిల్లు. ఎర్రని నేపథ్యంపై వరుస గళ్లలో కుల పురాణాలను చిత్రించిన పొడవాటి గుడ్డను విప్పుతూ కథకులు రాత్రంతా కథ చెప్పేవారు. ఒక గడి ముగిసిన తర్వాతే మరో గడి తెరుచుకుంటుంది. నేటి ఆటల్లో ఒక దశ దాటితే తప్ప మరో దశ తెరుచుకోకపోవడం ఈ పద్ధతికి దగ్గరి చుట్టం. రంపపు పొట్టు, చింతగింజల జిగురుతో చేసే చేర్యాల ముఖాల బొమ్మలు పాత్రలుగా మారడానికి సిద్ధంగా ఉన్నట్లే కనిపిస్తాయి. ఈ కళ భౌగోళిక గుర్తింపు పొందినది కనుక, చిత్రకారుల సమ్మతి, ప్రతిఫలం ఏ ఒప్పందంలోనైనా మొదటి వాక్యంగా ఉండవలసినవి. పోకెమాన్ హక్కులకు ఇచ్చే గౌరవం చేర్యాల హక్కులకు ఇవ్వకపోవడం సమర్థనీయం కాదు.

ఎక్కడ ఆపాలి, ఎక్కడ ఆపకూడదు

జిల్లాలోని చంద్లాపూర్‌ను, జనగామ జిల్లా పెంబర్తితో పాటు కేంద్ర పర్యాటక మంత్రిత్వ శాఖ 2023లో ఉత్తమ గ్రామీణ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంపిక చేసింది. అదే ఏడాది అక్టోబరు 3న సిద్దిపేటకు రైలు సేవలు ఆరంభమయ్యాయి, ఆ దారిలో గజ్వేల్ స్టేషన్ ఉన్నది. రోడ్డు, రైలు రెండూ అందుబాటులో ఉన్న ప్రజ్ఞాపూర్ కూడలి, జపాన్ మజిలీ కేంద్రాల తరహాలో యాత్రకు మొదటి గడి కాగల స్థితిలో ఉన్నది. మూత ఇక్కడ ఒకటి, వర్గల్‌లో ఆలయం వెలుపల ఒకటి, చేర్యాలలో చిత్రకారుల వీధిలో ఒకటి, సిద్దిపేట చేనేత గొల్లభామ చీరలు నేసే చోట ఒకటి అమరితే దారి తానే గీసుకుంటుంది.

జలాశయాల విషయం వేరు. 2020 మే 29న ప్రారంభమైన కొండపోచమ్మ సాగర్ హైదరాబాదు యువతకు వారాంతపు విహార స్థలమైంది. 2025 జనవరిలో హైదరాబాదు నుండి వచ్చిన ఐదుగురు యువకులు ఈ జలాశయంలో మునిగి మరణించారు. ఫోను తెరపై చూపు నిలిపి నడిచే ఆటకు కట్ట అంచు తగిన స్థలం కాదు. ఏ ఆట నిర్వాహకునితో మాట్లాడినా, మజిలీలు నెలకొల్పకూడని స్థలాల పటాన్ని నీటిపారుదల, పోలీసు శాఖలు ముందుగా అందజేయవలసి ఉన్నది. నెలకొల్పవలసిన స్థలాల పటం ఆ తర్వాతే. హిరోషిమా నగర పాలక సంస్థ కోరికను మన్నించిన తీరును బట్టి, ఒక ప్రదేశాన్ని ఆట నుండి తొలగించడం సాంకేతికంగా కష్టమైన పని కాదని తెలుస్తున్నది.

ఆలయాల విషయంలోనూ హద్దు అవసరమే. ఆటకు, గుడికి బొత్తిగా పొత్తు లేదని కాదు. మన పాత గుళ్ల అరుగులపై పులిజూదం గీతలు నేటికీ కనిపిస్తాయి. అయితే ఆ గీతలు అరుగు మీద ఉన్నాయి తప్ప గర్భగుడిలో లేవు. కొమురవెల్లిలో సంక్రాంతి నుండి ఉగాది వరకు ఆదివారాల్లో జాతర సాగుతుంది. ఒగ్గు పూజారులు పట్నం వేసి, డోలు మోగించి మల్లన్న కథ చెబుతారు. రాజీవ్ రహదారిపై కమాను వద్ద ఆ రోజుల్లో వాహనాల రద్దీ ఎంతటిదో జిల్లా యంత్రాంగానికి తెలియనిది కాదు. తొత్తొరి అనుభవం దృష్ట్యా ఈ మాసాలను మినహాయించి, వర్షాలు వెలిసి చెరువులు నిండి, యాత్రికుల రాక పలుచబడే ఆశ్వయుజ, కార్తీక మాసాల్లోనే ఇటువంటి కార్యక్రమాన్ని చేపట్టడం, అదీ వాహనాలు నిలిపే స్థలాన్ని కూడలి వద్ద ముందుగా సిద్ధం చేసిన తర్వాతే చేపట్టడం ఉచితంగా ఉంటుంది.